చదివి వినిపించగా

శనివారం సాయంత్రం నాలుగున్నర కాగానే లైబ్రరీ వెనక గదిలో హత్యలు మొదలవుతాయి. గుండ్రంగా వేసిన తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యన ముక్కాలి పీట మీద టీ ఫ్లాస్కు, గోడవారగా తాడు కట్టిన పాత పత్రికలు. ఆ వారం ఎవరు ఏ నేర నవల చదివారో, చదివి ఏమనుకున్నారో ఒక్కొక్కరే చెప్పాలి. అది లైబ్రేరియన్ పెట్టిన నియమం. అందరూ చెప్పడం అయ్యాక స్టెనోగారు ఏమంటారోనని ఊపిరి బిగబట్టి చూడాలి. అది ఎవరూ పెట్టని నియమం.

స్టెనోగారు ముప్ఫై ఒక్క ఏళ్ళు కోర్టులో జడ్జీల పక్కన కూచుని సాక్ష్యాలు టైపు చేసి రిటైరైన మనిషి. నూట పద్నాలుగు హత్య కేసులు ఆవిడ వేళ్ళ కింద నుంచి వెళ్ళాయని కొత్తగా వచ్చినవాళ్ళకి పక్క కుర్చీవాళ్ళే చెవిలో చెబుతారు. నెలకోసారి ఆవిడ ఒక కాగితం టైపు చేసి తెచ్చి నోటీసు బోర్డుకి గుచ్చుతుంది. పైన ఎప్పుడూ ఒకటే శీర్షిక: ‘ఈ నెల చచ్చినవాళ్ళు, చచ్చు రాసినవాళ్ళు’. పుస్తకాలు తీసుకోనివాళ్ళు కూడా ఆ కాగితం చదవడానికి ఆగి, నవ్వుకుని పోతారు. ఆ నవ్వు లోపలి గదికి వినబడితే స్టెనోగారు తల ఎత్తదు గానీ, ఆవిడ వీపు మాత్రం ఇంకాస్త నిటారవుతుంది.

ఆ శనివారం పళ్ళ డాక్టరు ముందు మొదలుపెట్టాడు. ఆయన చదివిన నవలలో హంతకుడు టూత్‌బ్రష్‌కి విషం పూస్తాడు. “బ్రష్ గురించి చాలా కరెక్టుగా రాశాడండీ,” అన్నాడు మురిసిపోతూ. “ఏ వైపు అరుగుతుందో కూడా తెలుసు ఆయనకి.”

“బ్రష్ కరెక్టే డాక్టరుగారూ, మనిషే కరెక్టు కాదు,” అంది స్టెనోగారు. “విషం ఎక్కినవాడు పేజీన్నర ఉపన్యాసం ఇచ్చి మరీ పోయాడు. నేను టైపు చేసిన మరణ వాంగ్మూలాల్లో ఒక్కటీ నాలుగు లైన్లు దాటలేదు. చచ్చేవాడికి మాటలు దొరకవు. రాసేవాడికే దొరుకుతాయి, చెత్తలో దొరికినట్టు.”

అందరూ నవ్వారు. డాక్టరు కూడా నవ్వాడు, చికిత్స తనకే జరిగినా.

జాగ్రఫీ టీచరు నాలుగు వందల పేజీల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, “కథ ఎలా ఉన్నా మంచు మాత్రం బాగా వర్ణించాడండీ,” అన్నాడు.

“మంచు కావాలంటే ఫ్రిజ్ తలుపు తీసి నిలబడొచ్చు. ఇంత బరువు మోయక్కర్లేదు.”

మళ్ళీ నవ్వులు. అలా నలుగురైదుగురి పుస్తకాలు నేల మీద పడ్డాక, తలుపు పక్క కుర్చీలో కూచున్న ఇస్త్రీ అమ్మాయి వంతు వచ్చింది. అమ్మాయంటే అమ్మాయి కాదు, ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. వీధి చివర లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. కుడిచేతి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య కాలిన మచ్చలు. ఆమె కూచున్న వైపు నుంచి గంజి వాసన వస్తుంది. రావడం మొదలుపెట్టి మూడు వారాలే అయింది. ఆమె పుస్తకాలు చదవదు, ఫోనులో వింటుంది. మొదటి వారమే ఆ మాట చెప్పినప్పుడు స్టెనోగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, “వినడం చదవడం ఎలా అవుతుందమ్మా? అన్నం ఇంకొకరు నమిలి నోట్లో పెడితే తిన్నట్టా?” అంది. ఆ మాట వారమంతా ఊళ్ళో తిరిగింది.

ఇస్త్రీ అమ్మాయి ఫోను ఒళ్ళో పెట్టుకుని, చెవి తీగని వేలికి చుట్టుకుంటూ చెప్పింది. “నేను ‘మేడ మీది గొంతు’ అని ఒకటి విన్నానండీ. పదకొండు గంటలుంది. రెండుసార్లు విన్నాను.”

“అయ్యో పాపం. ఇరవై రెండు గంటలు. జైల్లో వేసినా ఒక రోజుకి రెండు గంటలు తక్కువే,” అంది స్టెనోగారు. ఆ నవల మీద ఆవిడ కాగితం అప్పటికే బోర్డు మీద ఉంది: ‘ముసలి యజమాని మేడమెట్ల మీంచి దొర్లి చచ్చాడు. పాఠకుడు మూడు వందల పేజీల మీంచి దొర్లి చచ్చాడు. రెండో చావుకి ఎవరి మీదా కేసు లేదు.’

“అందులో కోర్టు ఒకటి వస్తుంది కదండీ,” అంది ఇస్త్రీ అమ్మాయి ఆగకుండా. “వంటమనిషి సాక్ష్యం చెబుతుంటే టైపు చప్పుడు ఆగిపోతుంది. చదివినావిడ కూడా అక్కడ ఊరికే ఆగిపోయింది. నేను ఫోను చెడిపోయిందేమో అనుకున్నాను. మీరు చదివారు కదా మేడమ్, అక్కడ మీకేమనిపించింది?”

స్టెనోగారు ఆ అధ్యాయం చదవలేదు. ఏ నేర నవలైనా ఆవిడ చివరి అధ్యాయం ముందు చదువుతుంది, తర్వాత మొదటిది, తర్వాత మధ్యలో ఓ పాతిక పేజీలు. తీర్పు తెలిశాక విచారణ ఎందుకని ఆవిడ లెక్క. ఈ సంగతి ఆవిడ భర్తకి తప్ప మరో పురుగుకి తెలియదు.

“ఏమనిపిస్తుంది? నవ్వొచ్చింది,” అంది. “కోర్టులో ఫ్యాను ఆగుతుంది. కరెంటు ఆగుతుంది. ఒకసారి ఓ జడ్జిగారి గుండె కూడా ఆగింది. స్టెనో చేతులు మాత్రం ఆగవు. అదంతా సినిమా.”

గది గొల్లుమంది. లైబ్రేరియన్ కప్పుల్లో టీ పోస్తూ నవ్వి ఒలకబోసుకున్నాడు. ఇస్త్రీ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

“ఎప్పుడూ ఆగవా మేడమ్?”

“ఎప్పుడూ.”

“ఒక్కసారి కూడానా?”

నవ్వులు పలచబడ్డాయి. తన మాటకి ఎదురుమాట ఈ గదిలో విని స్టెనోగారికి అలవాటు లేదు. “ముందు పుస్తకం చదవడం నేర్చుకో. ప్రశ్నలు తర్వాత అడుగుదువు గాని.”

“నాకు చదువు నిదానమండీ. కూడబలుక్కుని చదువుతాను. అందుకే వింటాను,” అంది ఇస్త్రీ అమ్మాయి. ఆ మాట చెప్పడానికి ఆమె ఏమీ సిగ్గుపడలేదు. సిగ్గుపడకపోవడమే స్టెనోగారికి నచ్చలేదు.

ఆదివారం పొద్దున్న ఆవిడ ఆ పుస్తకాన్ని మళ్ళీ తెరిచింది. లైబ్రరీ నుంచి లేచేటప్పుడే అరలోంచి తీసి సంచిలో వేసుకుంది. ఆ కోర్టు అధ్యాయం ఏదో చూసి, వచ్చే నెల కాగితంలో దానికి విడిగా శ్రాద్ధం పెట్టాలని ఆవిడ ఉద్దేశం. ముందు గదిలో భర్త బల్ల మీద ఉన్ని గుడ్డ పరిచి, సుద్దముక్కతో కోటు చేతికి గీత గీస్తున్నాడు. నలభై ఏళ్ళుగా టైలరు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా మాట్లాడగలడు.

“ఏమోయ్, మధ్య పేజీలు తెరిచావు? ఇవాళ సూర్యుడు ఏ వైపు పొడిచాడు?”

“మీరు కత్తెర ఆడించండి. నోరు తర్వాత ఆడించొచ్చు.”

“నా కత్తెర కొలత తీసుకున్నాకే ఆడుతుంది. నీ నాలుకకే ఆ పట్టింపు లేదు,” అని ఆయన గీత మీదకి వంగాడు.

ఇరవై మూడో అధ్యాయం. మొదటి రెండు పేజీలు ఆవిడ పెదవి విరుస్తూనే చదివింది. కోర్టు హాలుకి కిటికీలు ఎక్కువ పెట్టాడు, బంట్రోతుకి మీసాలు పెట్టాడు. తర్వాత వంటమనిషి బోనెక్కింది. గొంతు చిన్నది, తలవంచుకునే మాట్లాడుతుంది. వెనక గోడ దగ్గర ఇద్దరు పోలీసుల మధ్య నిలబెట్టిన ముద్దాయి ఆ ఇంటి డ్రైవరు. ముద్దాయి తరఫు వకీలు ఆ రోజు రాలేదు, జూనియర్ని పంపాడు. స్టెనోగారు కళ్ళజోడు సర్దుకుంది.

‘“మేడ మీద పెద్దబాబు గొంతు విన్నాను,” అంది ఆమె. జడ్జి ఆమె వైపు ఒకసారి చూశాడు. యజమాని పెద్దకొడుకైన ఆ పెద్దబాబు ముందు వరసలోనే కూచున్నాడు. జడ్జి టైపు కోసం గట్టిగా చెప్పాడు: “మేడ మీద ఎవరిదో గొంతు విన్నాను.” టైపు చప్పుడు ఆగింది. గోడ గడియారం రెండుసార్లు టిక్కుమంది. తర్వాత చప్పుడు మళ్ళీ మొదలైంది.’

రెండుసార్లు కాదు. ఇంకా ఎక్కువే. జడ్జిగారు “ఊఁ” అని ఇటు తిరిగే దాకా. ఆ రోజు ఆ కోర్టులో మిషను మీదున్న ఆవిడ వేళ్ళు వంటమనిషి మాట వెంట అప్పటికే పరిగెత్తి ‘పె’ కొట్టేశాయి. ఆ ‘పె’ మీద మూడుసార్లు అడ్డగీత కొట్టి, పక్కన ‘ఎవరిదో’ అని కొట్టింది. ఆ సంగతి పుస్తకంలో లేదు. రాసినవాడికి తెలిసే దారి లేదు. అది ఆవిడ వేళ్ళకీ, ఎక్కడో బీరువాలో పడి ఉన్న ఒక కాగితానికీ మాత్రమే తెలుసు.

“ఏమైంది? హంతకుడు దొరికాడా?” అన్నాడు భర్త.

“ఈ రచయితకి గడియారం లెక్క కూడా రాదు,” అంది ఆవిడ. అని, పుస్తకం మూసింది.

మధ్యాహ్నం టైపు మిషను ముందు కూచుంది. శీర్షిక కొట్టింది. దాని కింద ఒక వెటకారం కొట్టింది. చదువుకుంటే చప్పగా ఉంది. కాగితం లాగి ఇంకొకటి పెట్టింది. ఎన్ని కాగితాలు పెట్టినా ఆ నవల మీద ఒక్క మంచి తిట్టు రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా పిలిస్తే పలికిన తిట్లు ఆ రోజు పిలుపు అందుకోలేదు. సాయంత్రం దాకా మిషను మీద మూత వెయ్యకుండా వదిలేసింది.

మంగళవారం టైలరు కోట్లు రెండు పూర్తయ్యాయి. లాండ్రీకి వెళ్ళి ఇస్త్రీ చేయించుకు రావాలి. ఎప్పుడూ ఆయనే భుజాన వేసుకుని వెళ్ళేవాడు. ఆ రోజు ఆవిడ కోట్లని పాత దుప్పటిలో చుట్టి, “నేను తీసుకెళతాను,” అంది. ఆయన నోట్లోంచి గుండుసూది తీసి బల్ల మీద పెట్టాడు.

లాండ్రీ అంటే ముందు ఒక బల్ల, వెనక ఆవిరితో మసకబారిన ఒక పొడుగాటి గది. ఇస్త్రీ అమ్మాయి ఫోనుని స్టీలు గ్లాసులో నిలబెట్టింది. గ్లాసు ఆ గొంతుని గట్టిగా వినిపిస్తోంది. ఎవరో మగమనిషి ఒక నవల చదువుతున్నాడు. ఆమె పంట్లాము మడతని వేలితో సరిచేసి, తడిగుడ్డ పరిచి, దాని మీద ఇస్త్రీ పెట్టె ఆనించి, ఆవిరి లేవగానే ఎత్తేసింది. స్టెనోగారిని చూసి గ్లాసు మీద చెయ్యి మూసింది. గొంతు మూటలో కట్టినట్టయింది.

“ఈ నవల వట్టి దండగండీ,” అంది. “చదివేవాడికి ఏడుపెక్కడో నవ్వెక్కడో తెలీదు. శవాన్ని చూసి వంకాయలు బేరమాడినట్టు చదువుతాడు. రాసినాయన ఇంకా గొప్పోడు, ఆరుగురిని చంపాడు. ఒక్కడి గురించీ ఇంట్లో ఎవరూ ఏడవరు.”

స్టెనోగారికి నవ్వొచ్చింది. ఆ మాట తనకి తట్టనందుకు కొంచెం ఒళ్ళు మండింది కూడా. దుప్పటి విప్పి కోట్లు బల్ల మీద పెట్టింది. “ఆ అధ్యాయం పెట్టు,” అంది.

“ఏదండీ?”

“నీకు తెలుసు.”

ఇస్త్రీ అమ్మాయి తడిచేయి కొంగుకి తుడుచుకుని ఫోను వెతికింది. ఈసారి ఆడగొంతు. తొందర లేని గొంతు. వంటమనిషి బోనెక్కింది. పెద్దబాబు అంది. జడ్జి ఎవరిదో అన్నాడు. టైపు చప్పుడు ఆగింది, అని చదివి, ఆ గొంతు కూడా ఆగింది. గదిలో ఆవిరి బుసకొట్టడం ఒక్కటే వినబడింది. ఇస్త్రీ అమ్మాయి పెట్టెని గుడ్డకి ఆనకుండా గాల్లో పట్టుకుని నిలబడింది. పుస్తకంలో అయితే కన్ను ఆ లైను దాటి కింద లైనుకి పోతుంది. ఇక్కడ దాటడానికి దారి లేదు. ఆ గొంతు మళ్ళీ మొదలయ్యే దాకా స్టెనోగారు ఆ గదిలోనే ఉండాలి.

గొంతు మొదలయ్యాక ఇస్త్రీ అమ్మాయి ఫోను ఆపింది.

“ఆ వంటమనిషి మా అమ్మండి.”

స్టెనోగారు కూచోడానికి ఏమైనా ఉందా అని చూసింది. ఏమీ లేదు. బల్ల అంచు పట్టుకుంది.

“డ్రైవరు మా మావయ్య. అమ్మకి సొంత తమ్ముడు. పదకొండేళ్ళు లోపల ఉన్నాడు,” అంది ఇస్త్రీ అమ్మాయి కోటు చేతిని సన్నటి చెక్కకి తొడుగుతూ. “వెనకాల గోడ దగ్గర నిలబెట్టారు కదా, అమ్మ మాట ఆయనకి వినబళ్ళేదు. జడ్జిగారు గట్టిగా చెప్పిందే వినబడింది. ఉద్యోగం పోతుందని అక్క మాట మింగేసింది అనుకున్నాడు. బయటికొచ్చి ఆరేళ్ళయింది, మా గుమ్మం తొక్కలేదు. అమ్మ వెళితే లేచి వెళ్ళిపోతాడు.”

“చెప్పలేకపోయారా?”

“చెబితే వింటేగా. ఈ నవల వచ్చాక నేను ఆయన దగ్గరికి ఫోను తీసుకెళ్ళి వినిపించాను. కథలేగా అన్నాడు. రాసినాయనకి చెప్పింది మా అమ్మే. టైపు చప్పుడు ఆగిందని కూడా అమ్మే చెప్పింది. అది ఆగినప్పుడు అనుకుందట, పోన్లే, ఈ గదిలో ఒక్కళ్ళన్నా నా మాట విన్నారు అని.”

స్టెనోగారు కోటు గుండీ ఒకటి పట్టుకుని తిప్పుతోంది. “అయితే లైబ్రరీకి ఇందుకా వచ్చింది నువ్వు?”

“మొదట ఇందుకేనండీ. ఆ రోజు టైపు కొట్టింది మీరేనని అమ్మే చెప్పింది. తర్వాత కాలక్షేపం బాగానే ఉంది.”

“నేను గుమస్తానమ్మా,” అంది స్టెనోగారు. గొంతులో పాత పదును వచ్చింది. “జడ్జి చెప్పింది కొట్టడం నా పని. సాక్షి చెప్పింది కొట్టడం కాదు. ప్రతి గుమస్తా ఎవరి మాట నిజమో తేలుస్తూ కూచుంటే కోర్టులెందుకు?”

“నిజమేనండీ. నాదీ అలాంటి పనే. ఇచ్చింది ఇస్త్రీ చెయ్యడం.” ఆమె కోటు జేబులో వేలు పెట్టి చూసి, లైనింగు సరిచేసి, పెట్టె ఆనించింది. “కానీ జేబులో ఏదన్నా ఉండిపోతే తీసి ఇస్తాం కదండీ.”

ఇస్త్రీ అమ్మాయి రెండో చెయ్యి కూడా అయ్యే దాకా పని ఆపలేదు. కాలరు దగ్గరికి వచ్చి అడిగింది: “ఆ సాక్ష్యం కాగితం కింద రాసి ఉందటండీ, ‘చదివి వినిపించగా విని సరి అని ఒప్పుకున్నది’ అని. అమ్మ వేలిముద్ర ఉందట. మీరు వినిపించారా?”

“లేదు.”

“ఎవరన్నా?”

“ఎవరూ లేదు. ఆ లైను పొద్దున్నే అన్ని కాగితాల కిందా కొట్టి పెట్టుకునేదాన్ని. పని తొందరగా అవుతుందని.”

“అలాగా,” అంది ఇస్త్రీ అమ్మాయి. కోటు హ్యాంగరుకి తగిలించి, దులిపి, ఆవిడ చేతికి ఇచ్చింది. “మడత పెట్టకండి. వేడి తగ్గే దాకా ఇలాగే పట్టుకోండి.”

కోట్లు రెండు చేతులా ఎత్తి పట్టుకుని స్టెనోగారు వీధంతా నడిచింది. ఎదురొచ్చిన జాగ్రఫీ టీచరు నమస్కారం పెడితే తిరిగి పెట్టడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఆ శనివారం అందరికంటే ముందు ఆవిడే మాట్లాడింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, పోయినవారం తను చెప్పింది అబద్ధమని చెప్పింది. ఆ అధ్యాయం తను చదవకుండానే మాట్లాడానంది. ఆ చేతులు ఆగాయి, అవి నావే, అంది. సాక్షి ‘పెద్దబాబు’ అంటే తను ‘ఎవరిదో’ అని కొట్టానంది. ఇరవై వాక్యాలు కూడా కాలేదు.

తర్వాత పళ్ళ డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“అంటే అసలు చంపింది పెద్దకొడుకేనంటారా? భలే ట్విస్టండీ! పుస్తకంలో కంటే ఇదే బాగుంది.”

“ఆస్తి కోసమేనా?” అన్నాడు జాగ్రఫీ టీచరు. “ఆ కొడుకు ఇప్పుడెక్కడున్నాడు?”

“మీ కాగితంలో రాయండి మేడమ్,” అన్నాడు లైబ్రేరియన్. “జనం విరగబడి చదువుతారు.”

స్టెనోగారు వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఒకరి పదకొండేళ్ళు వీళ్ళకి టీలో ముంచుకునే బిస్కెట్టు. ఛీ, ఏం మనుషులు అనుకుంది. ఆ ఛీ అంతటితో ఆగితే హాయిగా ఉండేది. ఆగలేదు. ఎవరు చచ్చినా నవ్వుకోవచ్చని నెలనెలా బోర్డుకి గుచ్చి నేర్పిందెవరు? తలుపు పక్క కుర్చీలో ఇస్త్రీ అమ్మాయి నేల చూస్తూ కూచుంది. స్టెనోగారు ఆ తొమ్మిది కుర్చీల మధ్య నుంచి నడిచి ఆమె దగ్గర నిలబడింది.

“మీ మావయ్య ఎక్కడ పనిచేస్తాడు?”

“బస్ డిపోలో అండీ. బస్సులు కడుగుతాడు.”

“రేపు పొద్దున్న ఉంటాడా?”

ఆదివారం పొద్దున్న డిపో వెనక సిమెంటు గచ్చు మీద రెండు బస్సులు ఆగి ఉన్నాయి. రబ్బరు బూట్లు వేసుకున్న సన్నటి మనిషి పొడుగు కర్ర బ్రష్షుతో ఒక బస్సు పక్కటెముకలు రుద్దుతున్నాడు. నురగ కిటికీల మీంచి జారి చక్రాల మీద పడుతోంది. రబ్బరు గొట్టం ఆయన కాళ్ళ దగ్గర నీళ్ళు కక్కుతూ పడి ఉంది. మేనకోడల్ని చూసి తల ఊపాడు. వెనక వస్తున్న మనిషిని చూసి రుద్దడం ఆపలేదు.

“మావయ్యా, ఈవిడ…”

“తెలుసు. జడ్జి కుడిపక్కన కూచునేది.”

స్టెనోగారు చేతిసంచిలోంచి కవరు తీసింది. రాత్రి కూచుని అంతా టైపు చేసి, కింద సంతకం పెట్టి తెచ్చింది. తేదీ, కేసు నంబరు, సాక్షి వరస సంఖ్య, అన్నీ ఉన్నాయి. “అప్పుడు జరిగింది ఇందులో ఉన్నది ఉన్నట్టు రాశాను. మీరు ఎక్కడ కావాలంటే అక్కడ…”

“రాసింది నాకొద్దు,” అన్నాడు ఆయన. “నువ్వు రాసింది చాలా రోజులు చదివాను. లోపల ఇంకో పుస్తకం లేదు. నోటితో చెప్పు.”

ఆవిడని ‘నువ్వు’ అన్నవాళ్ళలో భర్త కాక ఇంకెవరూ మిగల్లేదు ఈ లోకంలో. ఆవిడ కవరు మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

“‘మేడ మీద పెద్దబాబు గొంతు విన్నాను’ అంది.”

“ఎవరు?”

“మీ అక్క.”

“ఇది ఫోనులో విన్నాను. కథలో ఉంది.” ఆయన బ్రష్షు బకెట్టులో ముంచాడు. “కథలో లేనిది ఉంటే చెప్పు. లేకపోతే పో.”

స్టెనోగారు కళ్ళు మూసుకుంది. కొట్టిన మాటలు వేళ్ళకి గుర్తుంటాయి. కొట్టని మాటల కోసం చెవిని అడగాలి. హాలు, ఫ్యాను, ముందు వరసలో నల్లకోట్లు. బోనులో మనిషి తలవంచుకుని ఇంకా ఏదో చెబుతోంది.

“‘నా తమ్ముడు కింద కారు దగ్గర ఉన్నాడు, అప్పుడే టీ ఇచ్చి వచ్చాను’ అంది. ‘పంచదార తక్కువైందని నన్ను కసిరాడు కూడా’ అంది. వకీళ్ళు నవ్వారు. జడ్జిగారు పంచదార సంగతి కోర్టుకి అనవసరం అన్నారు. ఆ మాటే రాయించలేదు. టీ మాట కూడా దాంతోపాటే పోయింది.”

బ్రష్షు బస్సు మీద ఆనింది గానీ కదల్లేదు. నురగ కర్ర మీంచి ఆయన మోచేతి దాకా జారింది.

“అమ్మ నాకు ఇది చెప్పనే లేదు,” అంది ఇస్త్రీ అమ్మాయి మెల్లగా.

ఆయన ఆమె వైపు చూడలేదు. “నవ్వారా?” అని అడిగాడు.

“నవ్వారు.”

“నువ్వూ?”

అబద్ధం చెప్పడానికి వీలున్న చోటే. ఆ రోజు వెనక గోడ దగ్గర నుంచి ఆవిడ పెదవులు ఈయనకి కనబడి ఉండవు.

“నేనూ నవ్వాను,” అంది స్టెనోగారు.

ఆయన ఆవిడని మొదటిసారి నేరుగా చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆవిడ ఓర్చుకునేది. చెప్పుకి అంటినదాన్ని రాయికి గీకేముందు చూసే చూపు అది. చూసి, నడిచి వెళ్ళి, గోడ దగ్గర కుళాయి కట్టేశాడు. గొట్టంలో నీళ్ళు ఆగిపోయాయి.

“మళ్ళీ చెప్పు. నవ్వుల సంగతొద్దు. అక్క అన్నదే చెప్పు.”

ఆవిడ చెప్పింది.

“నిదానంగా.”

ఆవిడ నిదానంగా చెప్పింది. తన గొంతుతో కాదు, తల వంచుకుని, ఆ మనిషి చెప్పినంత చిన్నగా. ఆయన చెవి ఇటు తిప్పి, నేల చూస్తూ, పెదవులు ఆ మాటల వెంట కదుపుతూ విన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఆవిడ ఇంకోసారి చెప్పింది. పంచదార దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం తిప్పుకుని, బస్సు అద్దం మీద లేని మరకని బొటనవేలితో గీకాడు.

“నిజంగానే తక్కువేసింది,” అన్నాడు అద్దంతో.

తర్వాత ఆయన గొట్టం చివర చేతిలోకి తీసుకున్నాడు.

“అక్క ఇవాళ ఇంట్లోనే ఉంటుందా?” అని మేనకోడల్ని అడిగాడు.

“ఉంటుంది మావయ్యా.”

“ఈ రెండు బస్సులూ అయ్యాక వస్తానను.” కుళాయి వైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. “ఆవిణ్ణి పక్కకి జరగమను. నీళ్ళు పడతాయి.”

ఇస్త్రీ అమ్మాయి చెప్పక్కర్లేకపోయింది. స్టెనోగారు చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, తడి గచ్చు మీద జారకుండా చూసుకుంటూ, పక్కకి జరిగింది.